కేటలాగు కార్డుల నాటి తిరుపతి

పరిశోధన చేసేవాడికి పుస్తకం చేతికి అందడం ఒక ఎత్తు, అటువంటి పుస్తకం ఒకటి ఉన్నదని తెలియడం మరొక ఎత్తు. రెండింటిలో రెండోదే కష్టమని నాకు అర్థమైనది తిరుపతిలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలో పరిశోధక విద్యార్థిగా ఉన్న కాలంలో. నేను చేరినది 1984లో. వసతిగృహంలో నా గదిలోనే ఉండిన మిత్రుడు తెలుగు శాఖలో పరిశోధన చేసేవాడు. విజయనగర రాజుల కాలంలో తిరుమల ఆలయానికి అందిన దానాలు, ఆ ధనంతో ఆలయ గ్రామాల్లో సాగిన నీటిపారుదల పనులు నా విషయం. తాళ్ళపాక కవుల సంకీర్తనల భాష అతని విషయం. ఇద్దరి పనీ ఆ ఏడుకొండల చుట్టూ తిరిగేదే అయినా, పుస్తకాల కోసం మేము నడిచిన దారులు మాత్రం ఎక్కడా కలవలేదు. నాకు కావలసినవాటిలో సగం సముద్రాల అవతల అచ్చయ్యే ఆంగ్ల పత్రికల్లో ఉండేవి. అతనికి కావలసినవన్నీ తెలుగులో, తిరుపతిలోనో మద్రాసులోనో ఏదో ఒక పండితుని ఇంటి అటకమీదనో ఉండేవి. నన్ను చూసి అతను జాలిపడేవాడు. ఇప్పుడు నేను అతన్ని చూసి జాలిపడవలసి వస్తోంది. అది ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు కేటలాగు పెట్టెల దగ్గరికి వెళ్ళాలి.

ఈ తరం విద్యార్థులు ఆ పెట్టెలను చూసి ఉండరు. ఐదంగుళాల పొడవు, మూడంగుళాల ఎత్తు ఉన్న దళసరి కార్డులు, వాటి అడుగున నడిమధ్య ఒక రంధ్రం, ఆ రంధ్రాల గుండా దూర్చిన సన్నని ఇనుప కడ్డీ. ఎవరూ కార్డు ఊడదీసుకొని వెళ్ళకుండా ఆ కడ్డీ కాపలా కాసేది. ఒక్కొక్క పుస్తకానికి కనీసం మూడు కార్డులు ఉండేవి: రచయిత పేరుతో ఒకటి, పుస్తకం పేరుతో ఒకటి, విషయం పేరుతో ఒకటి. కార్డు మూలన వర్గీకరణ సంఖ్య ఉండేది. ఆ సంఖ్య ఒక చీటీ మీద రాసుకొని అలమరల మధ్యకు వెళ్ళాలి. డ్యూయీ దశాంశ పద్ధతి పాటించే గ్రంథాలయాల్లో తెలుగు సాహిత్యానికి 894.827 అన్న సంఖ్య ఉంటుంది. నా మిత్రుడు ఆ సంఖ్యను ఇంటి నంబరు చెప్పినంత సులువుగా చెప్పేవాడు. 1876లో అమెరికాలో పుట్టిన ఆ పద్ధతిలో ఐరోపా భాషల సాహిత్యాలకు 810 నుంచి 880 దాకా విశాలంగా చోటు దక్కితే, మిగిలిన ప్రపంచమంతా 890 అనే ఒక్క గదిలో సర్దుకోవలసి వచ్చింది. వెయ్యేళ్ళ సాహిత్యం ఉన్న భాషకు దశాంశ బిందువు అవతల మూడో స్థానంలో చోటు దొరికిందని అతను విసుక్కునేవాడు. అతని విసుగులో న్యాయముంది. అందుకే మన గ్రంథాలయ శాస్త్రవేత్త షియాలి రామామృత రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ అనే మరో పద్ధతిని రూపొందించాడని నేను సర్దిచెప్పేవాణ్ణి కానీ, ఆ పద్ధతిలోని సంఖ్యలు చదవడానికి మరో డిగ్రీ కావాలని అతను కొట్టిపారేసేవాడు.

పద్ధతి ఏదైనా అసలు చిక్కు పేర్లతోనే ఉండేది. ఆంగ్లేయుల పేరులో ఇంటిపేరు చివర వస్తుంది, కార్డు మీద దాన్ని ముందుకు తెస్తారు. మన ఇంటిపేరు మొదటే ఉంటుంది. దానితో తెలుగు పండితులు వేటూరి ప్రభాకరశాస్త్రిగారి కార్డు 'వ' దగ్గర ఉందో, 'ప' దగ్గర ఉందో, ఆంగ్ల అక్షరక్రమంలో రాసినవారు 'శాస్త్రి'నే ఇంటిపేరు అనుకొని 'ఎస్' దగ్గర పెట్టారో ముందుగా చెప్పడం కష్టం. ఈ చిక్కు తెలిసిన గ్రంథపాలకుడు ఏం చేసేవాడంటే, ఒకచోట అసలు కార్డు పెట్టి, తక్కిన అన్ని చోట్లా "ఫలానా చోట చూడుడు" అని ఒక్క వాక్యం టైపు చేసిన కార్డు ఒకటి చొప్పున పెట్టేవాడు. అది ఎవరూ మెచ్చుకోని పని, ఎవరి పేరూ మిగలని పని. అయితే నేను చూసిన గ్రంథాలయాలన్నింటిలో మంచి గ్రంథాలయానికీ పెద్ద గ్రంథాలయానికీ మధ్య తేడా తెలిసేది ఆ "చూడుడు" కార్డుల దగ్గరే.

కార్డుకు అందనిది మనుషుల దగ్గర ఉండేది. పత్రికల విభాగంలో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయనకు డిగ్రీలేవీ లేవు కానీ ఏ సంపుటం ఏ అలమరలో ఉందో, ఏది బైండింగుకు వెళ్ళిందో, ఏది ఏ ఆచార్యుని బల్ల మీద ఏళ్ళ తరబడి కూర్చున్నదో అన్నీ నోటికి తెలుసు. "ఏం నాయనా, కార్డులో లేకపోతే పుస్తకం లేనట్టేనా? పైమెట్టు మీద ఎడమపక్క చూడు, ఎర్ర బైండు, ఆడనే ఉండాది" అని కూర్చున్నచోటి నుంచి లేవకుండానే చెప్పేవారు. మేము ఆయన్ను అన్నా అనేవాళ్ళం, ఆయన వయసుకు అది తక్కువే అయినా. ఆయన ఇంకొక మేలు కూడా చేసేవారు. ఒకే విషయం మీద పనిచేసే ఇద్దరు ఒకరినొకరు ఎరగకపోతే, "నీలాగే ఆర్థికశాస్త్రంలో ఒక అబ్బాయి ఇదే పుస్తకం అడుగుతా ఉండాడు" అని కలిపేవారు. ఏ వెతుకులాట యంత్రమూ ఇప్పటికీ నాకు ఇంత సహాయం చేయలేదు.

నా పనికి ఆధారం దేవస్థానం వారి శాసన సంపుటాలు. తిరుమల కొండ మీద, తిరుచానూరులో, గోవిందరాజస్వామి ఆలయంలో, ఇంకా చుట్టుపక్కల గుళ్ళలో గోడల మీద ఉన్న శాసనాలను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఏళ్ళ తరబడి నకలు తీయించి, 1930లో ఒక నివేదిక అచ్చువేయించారు. ఆ తరువాత ఆ దశాబ్దంలోనే ఆరు సంపుటాలుగా శాసన పాఠాలు వెలువడ్డాయి. అప్పట్లో ఆలయాన్ని నడిపిన మఠాధిపతులైన మహంతుల పాలనలో మొదలైన పని 1933లో పాలకమండలి ఏర్పడిన తరువాత కూడా ఆగకుండా సాగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. శాసనాల్లో అత్యధికం తమిళంలో ఉంటాయి. తెలుగు, కన్నడ, సంస్కృత శాసనాలు వాటితో పోలిస్తే తక్కువ. దాత ఇన్ని పణాలు (అప్పటి నాణేలు) ఆలయ భండారానికి చెల్లించాడని, ఆ సొమ్ముతో ఫలానా గ్రామంలో చెరువో కాలువో బాగుచేయించాలని, దానివల్ల పెరిగే పంటతో స్వామికి ఫలానా రోజున ఇన్ని తళిగల నైవేద్యం సమర్పించాలని, ప్రసాదంలో దాత వంతు ఇంత అని ఒక ఒప్పందపత్రంలా అందులో చెక్కి ఉంటుంది. భక్తి, వ్యవసాయం, లెక్కలు మూడూ ఒకే రాతి మీద ఉన్నాయన్నమాట.

ఈ సంపుటాలను ఆధారం చేసుకొని బర్టన్ స్టైన్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1950లలో షికాగో విశ్వవిద్యాలయంలో తిరుపతి ఆలయ ఆర్థిక చరిత్ర మీద డాక్టరేటు చేశాడు. మధ్యయుగ దక్షిణ భారత ఆలయం నిర్వహించిన ఆర్థిక పాత్ర గురించి ఆయన రాసిన వ్యాసం 1960లో జర్నల్ ఆఫ్ ఏషియన్ స్టడీస్ అనే పత్రికలో వచ్చింది. దానాల సొమ్మును ఆలయం నీటిపారుదలలో పెట్టుబడిగా పెట్టి, పెరిగిన పంటతో కైంకర్యాలు నడిపిందన్నది ఆ వ్యాసంలోని ముఖ్యమైన వాదన. అంటే నేను రాయబోయే దానికి అదే పునాది. ఆ వ్యాసం ఉన్నదని నాకు తెలిసినది ఒక పుస్తకంలోని అధోజ్ఞాపిక (ఫుట్‌నోట్) వల్ల. "ఇది చదవకుండా నువ్వు ఒక్క అధ్యాయం కూడా రాయొద్దయ్యా" అన్నారు మా సారు. తిరుపతి గుడి గురించి తిరుపతిలో అచ్చయిన శాసనాలు చదివి షికాగోలో ఒకాయన రాసినదాన్ని తిరుపతిలో కూర్చొని చదవడానికి నాకు దారి కనిపించలేదు. ఈ వింతను నేను అప్పట్లో అందరికీ చెప్పుకొనేవాణ్ణి, ఎవరూ పెద్దగా నవ్వేవారు కాదు. అందరి విషయమూ అలాగే ఉండేది మరి.

మద్రాసు వెళ్ళడమే దారి. రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణం మీదుగా రైలు. తిరుపతి పరిశోధకులకు మద్రాసు ఒక రెండో క్యాంపసు. ఎళుంబూరులో 1896లో ప్రారంభమైన కన్నెమరా గ్రంథాలయానికి, 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతి ఒకటి చేరాలి. అడయారులో దివ్యజ్ఞాన సమాజం వారి గ్రంథాలయం 1886 నుంచి ఉంది. చేపాక్‌లో సముద్రానికి ఎదురుగా మద్రాసు విశ్వవిద్యాలయ భవనంలో ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ఉండేది. కల్నల్ మెకంజీ పోగుచేయించిన కైఫీయతులు (ఊళ్ళ చరిత్రలు), బ్రౌన్ దొర సేకరించిన తెలుగు ప్రతులు చేరినది అక్కడికే. మా జిల్లాలోని ఊళ్ళ కైఫీయతులు కొన్ని చూడాలని నేను కూడా అక్కడికి వెళ్ళేవాణ్ణి. నా మిత్రుడైతే మద్రాసు అంటే ఆ ఒక్క భవనమే అన్నట్టు ఉండేవాడు. పక్కనే మెరీనా ఉన్నా సాయంత్రం తలుపులు మూసేదాకా బయటికి వచ్చేవాడు కాదు.

స్టైన్ వ్యాసం ఆ ఊళ్ళో ఒక గ్రంథాలయంలో దొరికింది. అయితే ఆ బైండు సంపుటంలో సరిగ్గా ఆ వ్యాసం మధ్య పుటలు ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు. జెరాక్స్ ఖర్చు దండగనుకున్నాడో, తనకు తప్ప ఇంకెవరికీ ఇది అక్కరలేదనుకున్నాడో నాకు తెలియదు కానీ, ఆ అజ్ఞాత పరిశోధకుని మీద నా కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. చివరికి ఢిల్లీలో భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి వారి ప్రలేఖన (డాక్యుమెంటేషన్) కేంద్రానికి ఉత్తరం రాస్తే, నకలు తపాలాలో వచ్చింది. సామాజిక శాస్త్రాల వారికి ఆ కేంద్రం, విజ్ఞానశాస్త్రాల వారికి 1952 నుంచి పనిచేసిన ఇన్స్‌డాక్ అనే అటువంటి కేంద్రమే అప్పట్లో పెద్ద దిక్కు. వ్యాసం వివరాలు సరిగా రాసి, పుటకింత అని రుసుము పంపితే నకలు పంపేవారు. ఆంగ్ల శాఖ మిత్రులకు మాత్రం హైదరాబాదులో 1964లో వెలసిన అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడికి వెళ్ళివచ్చినవాళ్ళు చల్లని గదుల గురించి, అడిగిన వెంటనే వచ్చే పుస్తకాల గురించి మెస్సులో కథలు చెబుతుంటే మాకు కన్ను కుట్టేది.

నా మిత్రుని పని ఇంకొక రకం. అతని రోజు ప్రాచ్య పరిశోధన సంస్థలో గడిచేది. 1939లో తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పి, 1956లో విశ్వవిద్యాలయానికి అప్పగించిన సంస్థ అది. ప్రభాకరశాస్త్రిగారి వంటివారు పనిచేసిన చోటు. తాళ్ళపాక వారి సంకీర్తనలున్న రాగిరేకులను పరిష్కరించి అచ్చుకెక్కించిన పనిలో ఆయనది, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారిది పెద్ద చెయ్యి. అక్కడి తాళపత్ర గ్రంథాలయంలో అడుగుపెడితే నిమ్మగడ్డి నూనె వాసన కొట్టేది. పురుగు పట్టకుండా, ఆకు పెళుసెక్కకుండా ఆకులకు రాసే నూనె అది. గుడ్డలో చుట్టి, చెక్కపలకల మధ్య బిగించిన కట్టలను ఒక్కొక్కటీ విప్పి, ఆకు విరగకుండా తిప్పడం అతను నేర్చుకున్నాడు. సంకీర్తన సంపుటాలు చాలావరకు అచ్చులో దొరికేవి. వాటిని గురించి పూర్వులు రాసిన వ్యాసాలే దొరికేవి కావు. అవి ఎక్కువగా భారతి పత్రికలో ఉండేవి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో ప్రారంభించిన ఆ మాసపత్రిక ఆరున్నర దశాబ్దాలకు పైగా నడిచింది. దానికి సమగ్రమైన సూచిక చేతిలో లేనివాడికి ఏ సంచికలో ఏముందో తెలియాలంటే వరసగా పుటలు తిప్పడమే గతి. అతను అలాగే తిప్పాడు. తిప్పినంతమేరా పోస్టుకార్డు సైజు అట్టముక్కల మీద రచయిత, శీర్షిక, నెల, పుట రాసుకొని చెప్పుల పెట్టెల్లో పేర్చుకున్నాడు. మంచం కింద ఆ పెట్టెలు పెరుగుతూ వచ్చి, చివరికి నా మంచం కిందికి కూడా వచ్చాయి.

అయినా అతను నన్ను చూసే జాలిపడేవాడని ముందే చెప్పాను. అతనికి కావలసినవన్నీ ఎంత కష్టపడినా నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనో, ఒక రాత్రి ప్రయాణమంత దూరంలోనో ఉండేవి. నావి అలా కాదు.

సిద్ధాంత గ్రంథాలు సమర్పించి, ఇద్దరమూ అధ్యాపకులమయ్యాం. నేను చిత్తూరులో కుదురుకున్నాను. కళాశాలలో పాఠాలు, మూల్యాంకనం, ఎన్నికల విధులు వీటి మధ్య పరిశోధన సెలవుల పనిగా మారింది. 2003 చివర్లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) స్వర్ణోత్సవాల సందర్భంగా అబ్దుల్ కలాం గారు యూజీసీ ఇన్ఫోనెట్ డిజిటల్ గ్రంథాలయాన్ని ప్రారంభించారు. గుజరాత్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దాన్ని నడిపేది. ఒక్కొక్క విశ్వవిద్యాలయం ఒక్కొక్క పత్రికకు విడివిడిగా చందా కట్టే బదులు, అందరి తరఫునా ఒకే చోట బేరమాడి కొనడం ఇందులోని కీలకం. ఆ తరువాతి వేసవి సెలవుల్లో చంద్రగిరి మీదుగా తిరుపతి బస్సెక్కి విశ్వవిద్యాలయ ఆవరణకు వెళ్ళాను. ఒక పరిశోధక విద్యార్థిని తన కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టి, "ఏం కావాలో చెప్పండి సార్" అంది. స్టైన్ పేరు చెప్పాను. పాత పత్రికల ప్రతులుండే జేస్టోర్ అనే సైటులో ఆ వ్యాసం మొదటి పుట నుంచి చివరి పుట దాకా, ఒక్క పుటా కోతకు గురికాకుండా తెర మీదికి వచ్చింది. ఆమెకు అది మామూలు సంగతి. పక్కనున్న ప్రింటరు వైపు నేను చూసిన చూపు ఆమెకు అర్థం కాలేదు.

జేస్టోర్ కథ కూడా తెలుసుకోదగినదే. 1995లో అమెరికాలో అది మొదలైనది పరిశోధకుల మీద దయతో మాత్రమే కాదు. పాత పత్రికల బైండు సంపుటాలతో అలమరలు నిండిపోయి, గ్రంథాలయాలకు కొత్త భవనాలు కట్టవలసి వస్తోందని, ఆ పాత సంచికలను ఒకచోట స్కాన్ చేసి ఉంచితే జాగా మిగులుతుందని విలియం బోవెన్ అనే ఆర్థికశాస్త్రవేత్తకు తోచిన ఉపాయం అది. ఇప్పుడు ఏ సంస్థకూ చెందనివారు కూడా తమ పేరు నమోదు చేసుకుంటే నెలకు నూరు వ్యాసాల వరకు ఉచితంగా తెర మీద చదువుకోవచ్చు. పదవీవిరమణ చేసిన నాబోటివాడికి నెలకు నూరు ఎక్కువే.

పుస్తకాల విషయానికి వస్తే, మా ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్ళకు కొంత గర్వించే హక్కు ఉంది. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో 1937లో పుట్టి, కాళహస్తిలో చదువుకొని, కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారు, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల పథకాన్ని ముందుకు నడిపించారు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ప్రధాన భాగస్వామిగా మన దేశంలో స్కానింగు కేంద్రాలు వెలిశాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే పేరుతో వేలకొద్దీ తెలుగు పుస్తకాలు అందులో చేరాయి. ప్రపంచవ్యాప్తంగా ఆ పథకం 2007 నాటికి పదిహేను లక్షల పుస్తకాలు దాటింది. మొదట్లో ఆ సైటులో పుస్తకం చదవాలంటే ఒక్కొక్క పుట విడిగా తెరవాలి, అందుకు ప్రత్యేకమైన ప్లగ్-ఇన్ ఒకటి వేసుకోవాలి. నెట్ సెంటరులో గంటకింత అని కట్టి, ఒక పుట తెరుచుకునేలోపు టీ తాగివచ్చిన రోజులు ఉన్నాయి. తరువాత ఆ సైటు మూతపడ్డా, అందులోని పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరి బతికిపోయాయి.

ఇక్కడే నా మిత్రుని కష్టాలు మొదలయ్యాయి. పుస్తకాలు ఉన్నాయి, దొరకవు. తెలుగు శీర్షికలను ఆంగ్ల లిపిలోకి మార్చేటప్పుడు స్కానింగు కేంద్రాల్లో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా రాశారు. దీర్ఘానికి అచ్చును రెండుసార్లు రాసినవారు కొందరు, సున్నకు అక్షరం పక్కన గీత పెట్టినవారు కొందరు. 'శ్రీ' అన్న ఒక్క అక్షరమే నాలుగు రకాలుగా కనిపిస్తుంది. కొన్నింటికి రచయిత ఉండవలసిన చోట ప్రచురణకర్త, మరికొన్నింటికి "నాట్ అవైలబుల్". ఆర్కైవ్‌లో ఆ పుస్తకాల శీర్షిక ముందు 2015 అన్న అంకె ఉంటుంది. అది క్రమసంఖ్యలో భాగం. దాన్నే ప్రచురణ సంవత్సరం అనుకొని, 1920లలో అచ్చయిన పుస్తకాన్ని 2015 నాటిదిగా తమ ఉపయుక్త గ్రంథసూచిలో చూపిన విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలు నేను పరీక్షకుడిగా దిద్దాను. "చూడుడు" కార్డు టైపు చేసిన ఆ గ్రంథపాలకుడు ఈ పథకంలో ఎక్కడా లేడు. స్కానరు యంత్రాలు కొన్నారు, కరెంటు ఇచ్చారు, కార్డు రాసే మనిషికి జీతం ఇవ్వడం మాత్రం మరిచిపోయారు.

పుస్తకం లోపలి మాటలను వెతకగలిగితే శీర్షిక ఎలా ఉన్నా నడిచేది. ఆంగ్ల వ్యాసాల్లో అదే నన్ను కాపాడింది. తెలుగు అచ్చును చదివి అక్షరాలుగా మార్చే పరిజ్ఞానం ఆలస్యంగా వచ్చింది, ఇప్పుడు చాలా మెరుగైంది కూడా. అయితే అరసున్నలు, బండి ఱలు, వలపలగిలకలు నిండిన పాత అచ్చు దగ్గర అది ఇంకా తడబడుతోంది. సంకీర్తనల భాష మీద పనిచేసేవాడికి కావలసినవి సరిగ్గా ఆ అరసున్నలూ ఆ ఱలూ.

సిద్ధాంత గ్రంథాల సంగతి ఇంతకంటే విచిత్రం. విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని ఇవ్వాలని 2009లో యూజీసీ నిబంధన తెచ్చిన తరువాత, ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధగంగలో దేశమంతటి గ్రంథాలు చేరుతూ వచ్చాయి; ఇప్పుడవి ఐదు లక్షలకు పైగా ఉన్నాయి. వెల ఏమీ లేకుండా ఎవరైనా చదువుకోవచ్చు. నా దృష్టిలో మన దేశం పరిశోధకులకు చేసిన అతి పెద్ద ఉపకారం ఇదే, ఖరీదైన విదేశీ పత్రికల చందాల కంటే కూడా. కానీ తెలుగు శాఖల గ్రంథాల్లో చాలా వాటిని డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకర్‌లో, 'అను' అనే పేరుగల పాత తరహా తెలుగు ఫాంట్లలో కూర్చారు. అన్ని కంప్యూటర్లకూ ఒకే అక్షర సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, తిరుపతి వీధుల్లోని డీటీపీ దుకాణాలు ఆ పాత ఫాంట్లను చాలాకాలం వదలలేదు. ఆ పీడీఎఫ్‌లో కంటికి చక్కని తెలుగు కనబడుతుంది; అందులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి వేరేచోట పెడితే ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కలగలిసిన పిచ్చిరాత వస్తుంది. యంత్రానికి కనబడేది ఆ పిచ్చిరాతే. కాబట్టి "తాళ్ళపాక" అని తెలుగులో కొట్టినవాడికి, తాళ్ళపాక కవుల మీదనే రాసిన గ్రంథం కూడా కనబడకుండా పోతుంది. షికాగోలో 1958లో సమర్పించిన గ్రంథం వివరాలు నాకు చిత్తూరులో క్షణంలో తెలుస్తాయి, తిరుపతిలో 1998లో సమర్పించిన తెలుగు గ్రంథం గురించి తెలియాలంటే అతనికి ఇప్పటికీ ఎవరో ఒకరు చెప్పాలి.

అతనికి మేలు జరగలేదని కాదు. ఆంధ్రభారతి నిఘంటు శోధనలో ఒక్క మాట కొడితే శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదలైనవన్నీ ఒకే తెర మీద పరచుకుంటాయి. ఆ సౌకర్యం మాకు ఉండి ఉంటే తన గ్రంథంలో ఒక అధ్యాయం వారంలో ముగిసేదని అతను అంటాడు. దేవస్థానం వారు సంకీర్తన సంపుటాలతో సహా తమ ప్రచురణలను ఈ-పుస్తకాలుగా ఉచితంగా పెట్టారు. తెలుగు వికీసోర్స్ అనే ఉచిత గ్రంథాలయ సైటులో కొందరు పుట పుటా దిద్ది పాత పుస్తకాలను శోధనకు వీలైన పాఠంగా మారుస్తున్నారు. ఆ చివరి పనిచేసేవాళ్ళను చూస్తే నాకు పాత పత్రికల విభాగం పెద్దాయన గుర్తుకు వస్తారు.

2024 నవంబరులో కేంద్ర మంత్రిమండలి 'ఒకే దేశం – ఒకే చందా' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, ముప్పై మంది అంతర్జాతీయ ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థల్లోని విద్యార్థులు, అధ్యాపకులు వాటిని చదవగలుగుతున్నారు. చిత్తూరులోని ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థికి, ఐఐటీ విద్యార్థికి ఒకే అలమర తెరుచుకోవడం చిన్న విషయం కాదు. అలమరలో తెలుగు పత్రిక ఒక్కటీ లేదన్నది వేరే సంగతి. మా వీధిలోనే ఒక ప్రైవేటు కళాశాలలో పాఠం చెప్పుకొంటూ పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయికి తన కళాశాల నుంచి ఆ అలమర తెరుచుకోలేదన్నది మరొక సంగతి. ఆమె నా దగ్గరికి వచ్చి, "అంకుల్, ఈ వ్యాసం ఎలా తెప్పించుకోవాలి?" అని అడిగినప్పుడు, ఆ వ్యాసం రాసిన ఆచార్యునికే నేరుగా మర్యాదగా ఒక ఈమెయిల్ రాయమన్నాను. మర్నాటికి వచ్చింది. చాలామంది రచయితలు సంతోషంగా పంపుతారు. ఢిల్లీకి ఉత్తరం రాసిన రోజుల్లో ఇది మాకు తట్టే అవకాశమే లేదు.

ఆ చెప్పుల పెట్టెల్లోని అట్టముక్కలు ఇంకా మిత్రుని దగ్గర ఉన్నాయి. ఇద్దరం పదవీవిరమణ చేశాక, వాటిని ఇద్దరమూ యూనికోడ్ తెలుగులో ఒక ఎక్సెల్ పట్టికలోకి ఎక్కిస్తున్నాం. భారతి సంచికల వ్యాసాలు ఒక పుటలో, ఆర్కైవ్‌లో తప్పు పేర్లతో పడివున్న పుస్తకాలకు సరైన పేరు, రచయిత, సంవత్సరం, లంకె మరొక పుటలో. పాత పుస్తకాల మీద క్రీస్తుశకం బదులు ప్రభవ విభవాలు మాత్రమే ఉంటే, అరవయ్యేళ్ళకొకసారి తిరిగివచ్చే ఆ పేరు ఏ ఆవృత్తిలోదో ముద్రాపకుని పేరును బట్టి, చిరునామాను బట్టి తేల్చడం నా వంతు. చరిత్ర చదివినందుకు ఆ శిక్ష నాకే వేశాడు. వారానికొకసారి తిరుపతి బైరాగిపట్టెడలోని అతని ఇంట్లో కూర్చుంటాం. పని మెల్లగానే సాగుతోంది. రచయితల వరసను ఇంటిపేరుతో మొదలుపెట్టాలా, అసలు పేరుతోనా అన్న తగవు మాత్రం మా మధ్య ఇంకా తెగలేదు.